ఊదినా ఆరని దీపం

జగ్గయ్యపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో పాత బావి పూడిక తీయాలన్నా, దిగడానికి వత్సవాయి శాంతయ్య కొడుకు జ్ఞానయ్యను పిలిచేవాళ్ళు. దీపం దింపే పని మాత్రం జ్ఞానయ్య భార్య లూర్దమ్మది. మోకు పట్టేవాళ్ళూ తట్టలు లాగేవాళ్ళూ ఎప్పటికప్పుడు మారేవాళ్ళు గానీ, గట్టు మీద బోర్లా పడుకుని, తాడుకు కట్టిన లాంతరును లోపలికి వదిలే మనిషి మారలేదు. పెళ్ళయి కాపురానికి వచ్చిన ఏడే మామ శాంతయ్య ఆ తాడు ఆమె చేతిలో పెట్టాడు. మగవాళ్ళకు ఓపికుండదట, గబగబా వదిలేస్తారట. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, లూర్దమ్మ చేతిలో లాంతరు దిగుతుంటే దాని గాజు గోడకు తగిలిన చప్పుడు కూడా వినపడేది కాదు.

ఈ మెరక ఊళ్ళ బావులు చూడనివాళ్ళకు ఇదంతా ఎందుకో అర్థం కాదు. కాలవ నీళ్ళు ఎక్కని నేల కాబట్టి తాటిచెట్టంత లోతు తవ్వితే గానీ చెమ్మ తగలదు. మిట్టమధ్యాహ్నం తొంగిచూసినా అడుగు కనపడదు. ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేస్తే ఆకూ అలమూ పడి లోపల కుళ్ళుతూ ఉంటుంది. అలాంటి బావిలోకి దిగేముందు లాంతరు దింపాలి. అడుగుదాకా వెలుగుతూ పోతే మనిషి దిగొచ్చు, మధ్యలో ఆరిపోతే దిగకూడదు. తాత ముత్తాతల నాటి కట్టడి అది. ఎందుకు దిగకూడదని అడిగితే శాంతయ్య దగ్గర ఒకటే జవాబు ఉండేది. లోపల ఊదేవాడు ఉన్నాడనేవాడు.

లూర్దమ్మ మొదటిసారి ఆ సంగతి కళ్ళారా చూసింది పెనుగంచిప్రోలు పొలాల్లో. డెబ్బైల్లో, ఇంకా పసుపుతాడు కొత్తగా మెరుస్తున్న రోజులు. ఎండ మండిపోతోంది, ఆకు కదలడం లేదు. లాంతరు సగం దాకా బాగానే దిగింది. అక్కణ్ణుంచి మంట పొట్టిదయింది, నీలంగా మారింది, ఎవరో రెండు వేళ్ళతో వత్తిని పట్టుకుని నలిపినట్టు ఆరిపోయింది. గాలి లేదు, లాంతరు గాజుకు పగులు లేదు. లూర్దమ్మకు ఒళ్ళు జలదరించింది. తాడు అలాగే పట్టుకుని మామ వైపు చూసింది.

శాంతయ్య మాత్రం చుట్ట వెలిగించుకుంటూ, చుట్టం ఇంటికి వెళ్ళి వచ్చినంత తేలిగ్గా అన్నాడు. "ఆడేలే అమ్మాయ్. ఇయ్యాల ఇంట్లోనే ఉన్నాడు. రేపొద్దాం పద."

అలా ఆరినప్పుడల్లా మర్నాడు వచ్చి వేపకొమ్మలు మోకుకు కట్టి బావిలో పైకీ కిందకీ ఆడించేవాళ్ళు. బిందెలకు బిందెలు నీళ్ళు పైనుంచి గుమ్మరించేవాళ్ళు. అది ఊదేవాణ్ణి తరమడం. ఆ తతంగం అయ్యాక లాంతరు దింపితే చక్కగా వెలిగేది, జ్ఞానయ్య దిగేవాడు. చర్చిలో పాస్టరుగారు దయ్యాలూ భూతాలూ లేవని ఎన్నిసార్లు చెప్పినా, శాంతయ్య వినయంగా తలూపి, ఆయనను ఒకసారి బావిలో దిగి ఆ ముక్క చెప్పి రమ్మనండి అని బయటికొచ్చి నవ్వేవాడు. ఆ శాంతయ్య డెబ్బై దాటాక మంచం మీద, నిద్రలో పోయాడు. జీవితమంతా బావుల్లో బతికినవాడికి అంతకన్నా మంచి చావు ఏముంటుంది!

మామ పోయాక లూర్దమ్మకు కొత్త చిరాకులు మొదలయ్యాయి. లాంతరు ఆరిందంటే ప్రతిసారీ ఊదేవాడే ఆర్పాడని ఎలా నమ్మడం? కిరసనాయిల్లో నీళ్ళు కలిస్తే ఆరుతుంది, తాడు జర్రుమంటే ఆరుతుంది. ఆరిన పూట పని పోతుంది. రైతులు ఊరుకుంటారా, మీరు కాకపోతే ఇంకొకళ్ళు అనేవాళ్ళు. ఒకసారి వెలుతురు కోసం దింపుతుండగా కాగిన గాజు పగిలి, కింద పని చేస్తున్న జ్ఞానయ్య చెవి పక్కన పడి చర్మం చీలిపోయింది. ఆ మచ్చ కనపడినప్పుడల్లా లూర్దమ్మ మొహం తిప్పుకునేది. పైగా పనికి వెళ్ళినచోట బావి పక్కనే గుడారంలా పట్టా కప్పుకుని నాలుగైదు రోజులు కాపురం ఉండాలి. గాలివాన వస్తే లాంతరు నిలవదు, పాము పుట్రా కనపడవు.

"ఆడు ఊదలేని దీపం ఏదన్నా ఉంటే తెచ్చుకుందాం మావా" అంది ఒకరోజు. జ్ఞానయ్య ఆమె మాటకు ఎదురుచెప్పే రకం కాదు. సరే నీ ఇష్టం అన్నాడు.

జగ్గయ్యపేటలో అడిగితే అలాంటివి నందిగామలో వెంకటరత్నం కొట్లో దొరుకుతాయన్నారు. ఎనభైల నడుమ సంగతి ఇది, బజారుకు కొత్తరకం దీపాలు వస్తున్న కాలం. లూర్దమ్మ చిల్లకల్లు వచ్చి బస్సెక్కి నందిగామ వెళ్ళింది. వెంకటరత్నం ముందు టార్చిలైటు చూపించాడు. అది ఒక్కవైపే పొడుస్తుంది, చుట్టూ గోడ కనపడదు, వద్దంది. పెట్రోమాక్సు చూపించాడు. అది బుసలు కొడుతుంది, గోడకు తగిలితే లోపలి గుడ్డ బూడిదై రాలుతుంది, అదీ వద్దంది. అంతలో కరెంటు పోయింది. కొట్టు లోపలంతా చీకటైంది. వెంకటరత్నం బల్ల కింద ఏదో నొక్కాడు, టిఫిన్ క్యారేజీ అంత పెట్టెలోంచి తెల్లని వెలుతురు పరుచుకుంది.

దానికి పైన పట్టుకునే పిడి, ముందు జానెడు ట్యూబు ఉన్నాయి. కరెంటు ఉన్నప్పుడు తాగి దాచుకుంటుంది, లేనప్పుడు వెలుగుతుందని వెంకటరత్నం చెప్పాడు. లూర్దమ్మ దాన్ని చేత్తో ఎత్తి చూసింది, కుదిపి చూసింది, తలకిందులు చేసి చూసింది. ఆఖరికి బుగ్గలు పూరించుకుని ఉఫ్‌మని గట్టిగా ఊదింది. కొట్లో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు.

"ఎవరు ఊదినా ఆరదాండి?" అంది ఆమె, నవ్వకుండా.

"నేనూదినా ఆరదు. చచ్చిపోయిన మా తాతొచ్చి ఊదినా ఆరదమ్మా, తీసుకెళ్ళు" అన్నాడు వెంకటరత్నం.

అతనన్నది సరదాకే, పాపం. లూర్దమ్మకు మాత్రం సరిగ్గా ఆ హామీయే కావాలి.

వాళ్ళ గుడిసెకు కరెంటు లేదు. చర్చి వసారాలో ఉన్న ప్లగ్గులో పెట్టుకోమని పాస్టరుగారు ఒప్పుకున్నారు. వసారా మూల చీకట్లో దాని ఎర్రచుక్క ఒకటే రెప్ప వేయకుండా చూస్తూ ఉండేది. ఇంటికి తెచ్చి వెలిగించిన మొదటి సాయంత్రం లూర్దమ్మ మనసు ఎందుకో పాడైంది. ఆ వెలుతురుకు వాసన లేదు, వేడి లేదు, వణుకు లేదు. దాని ముందు కూర్చుని అన్నం తింటున్న జ్ఞానయ్య మొహం నీళ్ళు పోసి పడుకోబెట్టిన శవం మొహంలా తెల్లగా కనపడింది. ఛీ, ఏం ఆలోచనలివి అని తనను తానే తిట్టుకుని దీపాన్ని అటు తిప్పేసింది.

తర్వాత ఏడాది అంతా బాగానే నడిచింది. దీపం దింపడం ఆలస్యం, అడుగున ఉన్న గులకరాయి కూడా కనపడేది. ఆరే మాటే లేదు, పని ఆగే మాటే లేదు. వేపకొమ్మలు ఆడించడం క్రమంగా మానేశారు. ఊదేవాడి పీడ వదిలిందని జ్ఞానయ్య అందరికీ చెప్పుకున్నాడు. లూర్దమ్మను చూస్తే గొప్పగా ఉండేది అతనికి. ఆ ఏడాది వాళ్ళు దిగిన బావులన్నీ వాడకంలో ఉన్నవి, గాలి తిరుగుతున్నవి. ఆ సంగతి వాళ్ళకు తోచలేదు.

ఆ మరుసటి వేసవికి చెరువులు నెర్రెలు విచ్చాయి. దశరథరామయ్య అనే రైతు తన పొలంలో పాటి బావి బాగుచేయించుకోవాలనుకున్నాడు. పూర్వం ఊరు ఉండి పాడైపోయిన దిబ్బను అక్కడ పాటి అంటారు. ఆ దిబ్బ నడుమ బావి. దాని మీద కంపలు కప్పి ఎన్నేళ్ళయిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. జ్ఞానయ్య, అతని తమ్ముడు చిన్నబాబు, ఇంకో ఇద్దరు కూలీలు, లూర్దమ్మ వెళ్ళారు. బావి పక్కన పట్టా వేసుకున్నారు. వంటకూ సందెవేళకూ పనికొస్తుందని పాత లాంతరు కూడా లూర్దమ్మ మూటలో పెట్టుకొచ్చింది.

కంప తీయగానే లోపల్నుంచి ఏ వాసనా రాలేదు. పక్షి లేవలేదు, గబ్బిలం లేవలేదు. బావిలో ఏదీ కాపురం లేకపోవడం లూర్దమ్మకు వింతగా తోచింది. అయినా దీపం దింపింది. తెల్లటి వెలుతురు గోడల మీద జారుతూ అడుగుదాకా పోయి నిలబడింది. కాస్తయినా వణకలేదు. "ఆడు లేడు, దిగు మావా" అంది.

జ్ఞానయ్య మోకు పట్టుకుని దిగాడు. అడుగున కాలు పెట్టగానే నడుముకున్న మోకు విప్పేసి పని మొదలుపెట్టడం అతని అలవాటు. పార తీసుకుని రెండుసార్లు బురద ఎత్తాడు. తర్వాత పారను గోడకు ఆనించి, పని అయిపోయినవాడిలా కూర్చున్నాడు. లూర్దమ్మ పిలిచింది. అతను తల ఎత్తి ఆమె వైపు చూశాడు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తల మెల్లగా పక్కకు వాలిపోయింది. దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. అతని చెవి పక్కన మచ్చ కూడా కనపడుతోంది.

చిన్నబాబు అప్పటికే మోకు అందుకున్నాడు. అప్పుడు లూర్దమ్మ చేతులు ఏం చేశాయో ఆమెకే తెలియదు. మూట విప్పి పాత లాంతరు తీసి, పట్టపగలు, ఆ ఎండలో వెలిగించి తాడు కట్టి దింపింది. సగం దాటగానే మంట పొట్టిదయింది, నీలమైంది, ఆరిపోయింది. కింద తెల్ల దీపం, దాని పక్కన మొగుడు, రెండూ అలాగే కనపడుతున్నాయి.

ఆమె పోయి మోకు మీద కూర్చుంది.

"లెగు వదినా! అన్న కళ్ళెదురుగా ఉన్నాడు, దీపం ఎలుగుతానే ఉందిగా!" అని చిన్నబాబు ఆమె చెయ్యి పట్టి లాగాడు.

"ఆ దీపాన్ని నమ్మమాకు. నా దీపం ఆరింది. దిగితే నువ్వూ ఆడ కూకుండిపోతావు."

కూలీలు ఆమెకు మతి పోయిందన్నారు. దశరథరామయ్య పరుగున వచ్చి, మొగుణ్ణి చంపుకుంటావా అని కేకలేశాడు. ఆమె లేవలేదు. మళ్ళీ వెలిగించి దింపింది, మళ్ళీ అక్కడే ఆరింది. అప్పుడు నమ్మారు. వేపకొమ్మలు విరిచి ఆడించారు, బండి మీద నీళ్ళపీపా తెప్పించి గుమ్మరించారు. అంతసేపూ లూర్దమ్మ గట్టు మీద బోర్లా పడుకుని, అడుగున కూర్చున్న మొగుణ్ణి చూస్తూ, మళ్ళీ మళ్ళీ లాంతరు దింపుతూనే ఉంది. తన మీద తనకు అసహ్యం, భయం, కింద కదులుతాడేమోనని ఆశ, అన్నీ ఒక్కసారే. పొద్దు వాలాక మంట అడుగుదాకా పోయి నిలిచింది. చిన్నబాబు దిగి అన్నను మోకుకు కట్టి పంపాడు. జ్ఞానయ్య ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

ఆ తెల్ల దీపాన్ని పైకి లాగడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చీకటి పడుతుంటే బావిలోంచి వెలుతురు పైకొస్తూనే ఉందట, లోపల ఎవరో ఉన్న ఇల్లులాగ. అది మూడు రోజులు వెలిగిందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అంతా అబద్ధం, దాంట్లో కరెంటు ఉన్నంతసేపే వెలిగింది. మళ్ళీ కంప కప్పేశారు. దీపం ఇంకా ఆ బావిలోనే ఉంది.

నందిగామ ఆసుపత్రిలో డాక్టరు లూర్దమ్మకు విడమరచి చెప్పాడు. లోపల కుళ్ళిన గాలి అడుగున పేరుకుంటుందట, మంటకు చాలని గాలి మనిషికీ చాలదట, అందుకే పెద్దవాళ్ళు లాంతరు దింపేవాళ్ళట. ఆమె అంతా విని తలూపింది. గాలి సంగతి ఆమెకు ఎంత ఎక్కిందో తెలియదు గానీ, ఇంటికొచ్చాక చిన్నబాబుతో ఒక మాట అంది. "మీ నాయన చెప్పిన ఆ ఊదేవాడు చెడ్డోడు కాదురా. దిగొద్దని చెప్పడానికి ఆడికి అదొక్కటే దారి. ఆ దారి నేనే మూసేశా."

లూర్దమ్మ ఆ పని మానేస్తుందనుకున్నారు. మానలేదు. చిన్నబాబు దిగుతున్నాడు కదా, దీపం ఎవరు దింపుతారు? తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, పాత లాంతరుకు కొత్త గాజు వేయించుకుని, పిలిచిన ప్రతి ఊరికీ వెళ్ళింది. బ్యాటరీ దీపాలు తెచ్చిచూపే రైతులు ఉండేవాళ్ళు. ఆమె వాళ్ళతో వాదించేది కాదు, తన లాంతరు వెలిగించుకునేది. నాలుగు సార్లకు ఒకసారైనా అది సగంలో ఆరేది. ఇదివరకటిలా ఆమెకు చిరాకు లేదు, జలదరింపూ లేదు. తాడు పట్టుకునే బావిలోకి ఇంకాస్త వంగి, పక్కనున్నవాళ్ళకు వినపడనంత నెమ్మదిగా, ఒకప్పుడు జ్ఞానయ్యతో మాట్లాడినట్టే చెప్పేది.

"సరేలే మావా. ఎవర్నీ దిగనియ్యను."