బాపు కాల్చని తుపాకి

దోహాలో, అల్ ముంతజాలోని మా రెండు గదుల ఫ్లాట్‌లోకి ఆ తుపాకి ఒక శుక్రవారం ఉదయం కంబళిలో చుట్టుకుని, బాపు భుజం మీద వచ్చింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంట్ల బొద్దింకను కొట్టనియ్యడు. తుపాకి తెచ్చిండు సూడు," అంది నాతో, ఆయనకు వినబడేలా.

"కాలుస్త. ఒక్కటంటే ఒక్కసారి," అన్నాడు బాపు.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఇంటర్ అయ్యాక దోహా వచ్చి, దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాను. ఇంటికెవరైనా వస్తే పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి జారుకునేదాన్ని. రోజూ డైరీ రాసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతుల్లో చాలా వరకు అందులో ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు.

బాపు కోరికకు కారణం మా తాత. ఆదిలాబాద్ అడవుల్లోకి వేటకు వచ్చే దొరకు తాత తుపాకి మోసేవాడు. తుడిచేవాడు, నూనె పెట్టేవాడు, దొర చెయ్యి చాపగానే అందించేవాడు. ముప్ఫై ఏళ్లు అదే పని. ఒక్కసారి కూడా తాత పేల్చలేదు, దొర పేల్చనివ్వలేదు. ఆ తుపాకికి ట్రిగ్గర్ చుట్టూ ఉంగరంలాంటి ఇనుప పిడి ఉండేదట. దాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే పాత తూటా గుల్ల ఎగిరిపడి కొత్త తూటా లోపలికి వెళ్లేదట. చిన్నప్పుడు గుడారం వెనక తాత పక్కన కూర్చుని బాపు ఆ చప్పుడు వినేవాడు. చదువుకుని, సర్వేయరై, ఖతార్ వచ్చిన ఇన్నేళ్లకు కంపెనీ యజమాని ఇంట్లో, అతిథులు కూర్చునే మజ్లిస్ గోడ మీద అచ్చం అలాంటిదే కనిపించింది.

యజమాని పెద్దాయన. అందరూ హాజీ అనేవారు. ఊరికే తీసుకుపొమ్మన్నాడట. బాపు ఒప్పుకోలేదు.

"ఊరికె తెస్తె అది ఆయన తుపాకే. మా నాయన మోసినట్టె నేను గూడ మోసినట్టయితది. కొంటెనే నాది," అన్నాడు మాతో.

అలా కొన్నాడు. పరాయి దేశం వాళ్లం కనుక లైసెన్సు మాత్రం మా పేరున రాదు. హాజీయే వెళ్లి, తన తుపాకి మా ఇంట్లో ఉండవచ్చని కాగితం రాయించి తెచ్చాడు. తూటాలు ఆయన దగ్గరే. చలి మొదలయ్యాక ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దగ్గరున్న తన తోటకు రమ్మన్నాడు. అక్కడ కాల్చుకోవచ్చు.

తుపాకితోపాటు అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం కూడా ఇచ్చాడు. అక్షరాలు మరీ చిన్నవి. బాపు కళ్లజోడుకు అందేవి కావు. అందుకని ప్రతి శుక్రవారం బాపు తినే బల్ల మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద తుపాకిని పడుకోబెట్టేవాడు. నేను చదివి చెప్పేదాన్ని.

"గీ చిన్న తలుపేంది బిడ్డా, పక్కకున్నది?"

"తూటాలు అండ్లకెల్లి ఒక్కొక్కటి దూర్చాల్నట బాపూ. పెద్దగొట్టం కింద సన్నగొట్టం ఉన్నది సూడు, అండ్ల వరసగ పండుకుంటయట."

"పండుకుంటయా? మనకంటె ఆటి బతుకే నయమున్నది!"

అంతకుముందు బాపు, నేను అంతగా మాట్లాడుకున్నది లేదు. తిన్నవా, చదివినవా, అంతే. ఇప్పుడు ఇద్దరం గొట్టానికి ఎనిమిది పలకలున్నాయని లెక్కపెట్టాం. కింద చెక్కిన నంబరును పుస్తకంలోని పట్టికలో వెతికాం. ఆ తుపాకి తాత పుట్టకముందే తయారైందని తేలింది. బాపు చాలాసేపు దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

పుస్తకంలో ఒక పేజీ నిండా జాగ్రత్తలే. చెమట చేతితో ముట్టుకున్నా వెంటనే తుడవాలి. తడి తగలకూడదు. పులుపు తగిలితే ఇనుమును తినేస్తుంది. అదంతా నేనే గట్టిగా చదివి వినిపించాను.

"ఇగ నూనె పెట్టుడు నీ డ్యూటీ," అన్నాడు బాపు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఆ రోజు డైరీ చూస్తే తెలుస్తుంది.

దసరాకు బాపుకు సెలవు దొరకలేదు. సైటు క్యాంప్‌లోనే ఉండిపోయాడు. దోహాలో ఇంకా ఉక్క తగ్గలేదు, గోడలు కూడా చెమటలు పట్టేవి. అమ్మ హాల్లో పీట వేసి, ఆయుధ పూజకు కత్తిపీట, కత్తెర, బాపు కొలతల టేపు పెట్టింది. మధ్యలో తుపాకి. పిడి కిందికి దించి ఉండటంతో పైభాగం తెరుచుకుని ఉంది. ఊళ్లో బండి చక్రాలకు పెట్టినట్టే, అమ్మ నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, ఒక చెక్క నా చేతిలో పెట్టింది.

"గా తెరుసుకున్న కాడ పెట్టు. బొట్టు లెక్క ఉంటది."

"అమ్మా, పుస్తకంల..."

"పుస్తకంల దేవుడున్నడా? పెట్టు. మూడొద్దులు ఎవ్వరు ముట్టొద్దు."

పెట్టాను. ఇంకొక్క మాట అంటే అమ్మ వినేదేమో. ఆ ఒక్క మాట అనడం నాకు ఎప్పుడూ చేతనయ్యేది కాదు.

విజయదశమి నాడు చెక్క తీస్తే అడుగున ఎర్రగా ఉంది. నూనెగుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. కుంకుమే అనుకున్నాను. మర్నాడు తుడిచినా ఎర్రబడింది. అప్పుడూ కుంకుమే అనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది. మూడోసారి గుడ్డ చూడకుండానే పారేసి, తుపాకిని అమ్మ కుట్టిన సంచిలో పెట్టి మూతి బిగించేశాను.

బాపు సైటు నుంచి వచ్చి, "నూనె పెట్టినవా?" అని అడిగాడు.

"పెట్టిన."

సంచి విప్పలేదు. నా మీద అంత నమ్మకం. తోటకు పోయే రోజే విప్పుదామన్నాడు. ఆ తర్వాతి శుక్రవారాలు సంచిని అలాగే పేపర్ల మీద పెట్టుకుని పుస్తకం చదువుకున్నాం.

జనవరిలో ఒక శుక్రవారం హాజీ కారు పంపాడు. అమ్మ పులిహోర కట్టింది. బాపు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. దారిపొడవునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు.

తోటలో హాజీ పక్కన బక్కపలచని ముసలాయన ఒకడున్నాడు. తుపాకులు బాగుచేసేవాడట. తూటా పెట్టేముందు ఆయన సంచి విప్పి, పిడి దించి, లోపల తెల్ల కాగితం ముక్క ఉంచి, గొట్టం మూతి వైపు నుంచి కన్ను పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. తూటా కూర్చునే చోట సన్నని పుల్లతో గెలికాడు. తుప్పు పొడి రాలింది. దాంతోపాటు ఎండిపోయిన నిమ్మగింజ ఒకటి ఆయన అరచేతిలో పడింది.

"మాఫీ," అన్నాడు అరబ్బీలో, లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతూ. హాజీ తన హిందీలో చెప్పాడు: "అందర్ సే ఖా గయా. మత్ మారో. ఫట్ జాయేగా."

లోపల తినేసింది. కాలిస్తే పగిలిపోతుంది.

బాపు ఆ గింజ వైపు చూశాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. అమ్మ కారు దగ్గర పులిహోర పొట్లాలు సర్దుతోంది.

"మేరా గల్తీ, హాజీ. తేల్ లగానా భూల్ గయా," అన్నాడు బాపు. నూనె పెట్టడం తనే మరిచిపోయానని చెప్పాడు.

నేను నోరు తెరవలేదు. అక్కడా తెరవలేదు.

హాజీ ఆయన భుజం తట్టి, తన కొత్త తుపాకి చేతిలో పెట్టబోయాడు. "యల్లా, యే లో. చలావ్!" బాపు నవ్వి చేతులు జోడించాడు, వద్దన్నట్టు. మా పాత తుపాకినే తీసుకుని, ఖాళీగానే పిడి దించి ఎత్తాడు. భుజానికి ఆనించి, తోట అవతలి సముద్రం వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది, అంతే.

"మా నాయన గూడ గింతవరకె," అన్నాడు, ఎవరితోనో తెలియదు.

తుపాకిని హాజీ దగ్గరే వదిలేసి వచ్చాం. ఆ రోజు డైరీలో నేను రాసింది గాలి గురించి, దారిలో కనిపించిన ఒంటెల గురించి. గింజ మాట రాయలేదు. తర్వాత ఎన్ని రోజులో, బాపుకు రేపు చెప్తాను అని చివరి వాక్యంగా రాసుకున్నాను. ఆయన పోయేదాకా ఆ రేపు రాలేదు. ఆయన కూడా ఒక్కసారీ అడగలేదు. అమ్మకైతే ఈనాటికీ తెలియదు.

షమాల్ తోట నుంచి వచ్చిన మరుసటి శుక్రవారం, అలవాటు కొద్దీ, బాపు తినే బల్ల మీద పాత పేపర్లు పరిచాడు. నేను కూడా అలవాటు కొద్దీ పుస్తకం తీసుకుని వచ్చి కుర్చీ లాక్కున్నాను. పేపర్ల మీద పెట్టడానికి ఏమీ లేదు. తర్వాత ఆయన ఒక్కొక్క పేపరూ మడతపెట్టి పక్కన పెట్టాడు.

"తిన్నవా బిడ్డా?" అని అడిగాడు.

తిన్నానన్నాను.