తొలి అచ్చు లారీ

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే కనీసం తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. (రెండు వెంట్రుకలున్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోను.) అయినా కర్ణాటకలో ఉండి కూడా తెలుగే మాట్లాడే మా క్యాతగానచెర్లులో ఆ మాట అనడానికి ఏడెనిమిదేళ్లు చాలు. చెనక్కాయ (మీరనే వేరుశనగ) పండిన చేలల్లో ఇప్పుడు కనుచూపు మేర సోలార్ పలకలే. వానొస్తుందా అని మబ్బు కోసం కాచుక్కూర్చున్న మా వాళ్లే, ఇప్పుడు మబ్బు పడితే ‘ఈ పొద్దు కరెంటు తక్కువప్పా’ అని మొహం ముడుచుకుంటున్నారు. ఇంత తిరగబడిన ఊళ్లో నేనొక్కదాన్నే ‘మొన్నామధ్య’ అని మొదలుపెడితే బాగుండదు కదా.

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు. పీయూసీ, అంటే ఇంటరు, పాసై, అమ్మతోపాటు పలకలు తుడిచే గ్యాంగులో చేరాను. పొడవాటి కర్రకు బ్రష్షు, చేతిలో నీళ్ల పైపు, నెత్తిన ఒక ఎండ, పలకల మీంచి తిరిగి మొహాన కొట్టే ఇంకో ఎండ. ఏడాది తిరక్కుండానే నన్ను స్టోర్సులోకి మార్చారు. తెలివి చూసి కాదు, చేతిరాత చూసి. బోల్టుల డబ్బాల మీదా ఫ్యూజుల డబ్బాల మీదా సన్నటి అక్షరాలతో పేర్లు రాసి అంటించడం నా పని. నీడ, ఫ్యాను, కుర్చీ! అమ్మ గ్యాంగులో అందరి ముందూ ‘మా పాప ఫ్యాను కింద పని చేస్తాది’ అని రోజుకు రెండు సార్లయినా అనేదట. నాన్న అదే ప్లాంటులో గేటు దగ్గర సెక్యూరిటీ. అంతకు ముందు చెళ్ళకెర నూనె మిల్లులకు సొంత లారీలో చెనక్కాయ తోలేవాడు. ఇప్పుడు నేను గేటు దాటుతుంటే సొంత కూతురికే సెల్యూట్ కొట్టి నవ్వేవాడు. నాకు మాత్రం కాస్త గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

స్టోర్సుకు పెద్ద, మేం చాటుగా ‘పెట్టె సారు’ అని పిలుచుకునే ఆయన. తుమకూరు వైపు కన్నడ మనిషి, మా కోసం తెలుగు నేర్చుకుని మరీ మాట్లాడేవారు. ఆయన బీరువా పై అరలో, ఫైళ్ల వెనక, ఒక అట్టపెట్టె ఉండేది. దాని మూత మీద ఎర్రటి ఫారిన్ లారీ బొమ్మ. లోపల లారీ ముక్కలుగా ఉంటుందట, మనమే అంటించి నిలబెట్టుకోవాలట. మొదటి జీతంతో బెంగళూరులో కొన్నారు. తీరిగ్గా చేద్దామని దాచారు. పెళ్లి, పిల్లలు, బదిలీలు అన్నీ అయ్యి తీరిక దొరికే వేళకు చేతుల్లో వణుకు మొదలైంది. పైన చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కూడా చించలేదు. రోజూ దించి, దుమ్ము తుడిచి, మళ్లీ పైన పెట్టేవారు.

మధ్యాహ్నం మేం సద్ది విప్పితే చాలు, ఆయన ఆ లారీ చరిత్ర విప్పేవారు. ఏదో చలి దేశంలో ఒక కంపెనీవాళ్లు నిజం లారీ పక్కన చేరి, టేపు పెట్టి మూలమూలా కొలిచి, ఉక్కు దిమ్మెలో అచ్చు చెక్కారట. అందులోకి కాగిన ప్లాస్టిక్ ఎక్కిస్తే (మా అవ్వకు చెప్తే ‘ఓస్, గుంతపొంగణాల పెనం’ అంది) ముక్కలన్నీ చట్రాలకు అతుక్కుని బయటికొస్తాయి. అది తొలి అచ్చు. ఆ కంపెనీ మూతపడింది, అచ్చును ఇంకొకరు కొన్నారు. వాళ్లు ఊరుకోక, అదే లారీని ట్యాంకరుగా కూడా అమ్మొచ్చని ఆ దిమ్మెనే మళ్లీ చెక్కి ట్యాంకరు ముక్కలు చేర్చారు. తర్వాత అది మూడో చేతికి, నాలుగో చేతికి పోయింది. ఒకసారి ఎర్ర ప్లాస్టిక్ పోయి తెల్లది వచ్చింది, ఒకసారి మూత మీద బొమ్మ మారింది. కొన్నేళ్లు అచ్చే పోయిందన్నారు, ఏదో గోదాములో తుప్పు పట్టి కనబడితే రుద్ది మళ్లీ పనిలో పెట్టారు. మా వంశంలో మూడు తరాలకు మించి నాకెవరి పేర్లూ తెలియవు గానీ, ఆ లారీ వంశం మాత్రం కంఠతా వచ్చేసింది.

“ఒకసారి మార్చి చెక్కిన అచ్చు మళ్లీ పాతది కాదమ్మా. తర్వాత పోసిన ప్రతి పెట్టెలో ట్యాంకరు ముక్కలు వద్దన్నా వస్తాయి. తొలి అచ్చులో ఉండవు. అదే గుర్తు. నాది తొలి అచ్చు, మూత చూస్తేనే తెలుస్తుంది” అనేవారు సారు. నేను నోట్లో ముద్ద పెట్టుకుని తల ఊపేదాన్ని.

అంతలో ప్లాంటులో సందర్శకుల హాలు కట్టారు. అందులో మా సోలార్ పార్కు మొత్తం థర్మోకోల్‌తో చేసిన నమూనా. దాని రోడ్డు మీద పలకలు మోసుకొచ్చిన లారీ ఒకటి ఉంటే బాగుంటుందని పైనుంచి మాట వచ్చింది. సంతలో దొరికే బొమ్మ లారీ చాలనుకున్నాం మేమంతా. సారు మాత్రం రెండు రోజులపాటు పెట్టెను గంటకోసారి దించి, మళ్లీ పైన పెట్టారు. శనివారం సాయంత్రం పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

“నీ చేయి సన్నం. నువ్వు చెయ్యి. నా ముందర మాత్రం తెరవొద్దు, ఇంటికి తీసుకుపో. ముక్కల నంబర్లు చట్రం మీద ఉంటాయి, ముక్క మీద ఉండవు. ఒకటి తెంపాలి, అది అంటించాలి, అప్పుడు ఇంకొకటి. అన్నీ ఒకేసారి తెంపావా, అయిపోయింది కథ. జోపానమ్మా!” ఇంత చెప్పి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, “ఇది సరిగ్గా రాకపోతే నువ్వు స్టోర్సుకు పనికిరావనే అర్థం” అని కూడా అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

ఆదివారం పొద్దున్నే వరండాలో పెట్టె విప్పాను. ఎర్రటి చట్రాలు ఆరు, వాటి నిండా ముక్కలు. అమ్మ, అవ్వ, పక్కింటి పిన్ని చుట్టూ చేరారు.

“ఏందే ఇది?” అంది అవ్వ.

“ఆఫీసు పని. ఈ ముక్కలన్నీ తెంపి అంటించాల. మీకు తెల్దులే” అన్నాను. ఎందుకన్నానో! నాలుగు ముక్కలు విడమరిచి చెప్తే నా కుర్చీ ఏమన్నా అరిగిపోతుందా? చెప్పకుండా, గమ్ము కోసం పావగడ బస్సెక్కాను. బొమ్మల గమ్ము ఏ అంగట్లోనూ లేదు. చివరికి బోరు పైపులు అతికించే గమ్ము డబ్బా ఒకటి పట్టుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

వరండాలో ముగ్గురూ కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నారు. మధ్యన చాట, చాటలో ఎర్రటి గుట్ట.

“రాయే రా, నువ్వు పొయ్యొచ్చేలోగా ముగించేసినాము. ఒక్కటన్నా నలిగిందేమో చూడు” అంది అవ్వ. “ఎన్నేండ్లాయనో చెనక్కాయ చెట్టు ఒళ్లో పెట్టుకోని కాయ తెంపి. చేతులకు పని మరుపు రాలేదే, బలే సంతోసంగా ఉండాది.”

గమ్ము డబ్బా కింద పెట్టేసి చాట చుట్టూ వెతికాను. “చట్రాలు యాడ పెట్టినారు?”

“కట్టెనా? చెనక్కాయ కట్టె మాదిరి గొర్రెలకేస్తే మూతి తిప్పుకున్న్యాయి. నీళ్లపొయ్యిలో ఏసినా. మంట బాగుండాది గానీ కంపే జాస్తి.”

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అవ్వకు అర్థం కాక “ఏమే, ఉడుకునీళ్లు కాగినాయి, పోసుకో పో” అంది. అమ్మకు మాత్రం అర్థమైంది. ఆఫీసు పని చెడితే మళ్లీ ఎండలో నేను, బ్రష్షూ. ఆమె మొహం చూడలేకపోయాను. ఇదంతా జరుగుతుండగా నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. విజిలు మెడలోంచి తీసి కొక్కేనికి తగిలించి, చాట ముందర గొంతుక్కూర్చుని, ఒక ముక్క తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

“ఇది ఇరుసు హౌసింగు కదే! ఇవి చక్రాల మీది కమాన్ పట్టీలు. ఇది గేర్ బాక్సు. ఓరి, ఎంత ముద్దుగా చేసినారప్పా!” అన్నాడు. నేను పెట్టెలో వచ్చిన బొమ్మల కాగితం అందించబోతే చేత్తో తోసేశాడు. “లారీకి కాయితాలుండేది ఆర్టీఓకి చూపించేదానికి. బిగించేదానికి కాదు.”

అలా మొదలుపెట్టినవాడు అన్నానికి కూడా లేవలేదు. పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా కూర్చోలేదని అమ్మ అంది. ఆయన ముక్క ఏరి బిగించడం, నేను గమ్ము పూయడం. లారీ అమ్మేసిన నాటి నుంచీ ఆయన ఇంత మాట్లాడగా నేను వినలేదు. ఏ కొండ ఘాటులో ఏ పట్టీ విరిగిందో, ఏ మిల్లు ముందర ఎన్ని రోజులు నిలబడ్డాడో, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. పొద్దు గూకేలోగా లారీ నాలుగు కాళ్ల మీద నిలబడింది. నిలబడ్డాక చూస్తే స్టీరింగు కుడివైపుంది. మూత మీద బొమ్మలో ఎడమవైపు.

“నాయనా, ఫారిన్ లారీకి స్టీరింగు ఎడమ పక్క కదా!”

“తెలుసులే. మేకు కాల్చి ఈ పక్క బెజ్జం ఏసినా. ఎడమ పక్క డ్రైవరు కూర్చుంటే మరి క్లీనరు యాడ కూర్చుంటాడు?”

అమ్మ వచ్చి కొత్త బండి అని బంపరుకు కుంకుమ బొట్టు పెట్టేసింది. నేను తల పట్టుకుని చాట వైపు చూస్తే, అడుగున ఇంకా ముక్కలున్నాయి. పదకొండు.

“మిగిలినాయే!” అన్నాను ఏడుపు గొంతుతో.

“ఇవి ఈ బండివి కాదు పాపా. ఇదో, ట్యాంకు మూత. ఇది ఎక్కే నిచ్చెన. ఇవి కుళాయిలు. ట్యాంకరు సామాను, మన దాంట్లో కలిసిపోయినాది” అన్నాడు నాన్న.

నాకు రెండు నిమిషాలు పట్టింది, తర్వాత దిమ్మ తిరిగింది. ట్యాంకరు ముక్కలుంటే అది తొలి అచ్చు కాదు. పాత పెట్టె మూతలు మిగిలితే రెండో కంపెనీవాళ్లు పారేస్తారా? వాటి కిందే కొత్త సరుకు సర్దేసి ఉంటారు. అంటే నేను నాశనం చేసింది లోకంలో దొరకని సొత్తు కాదు, ఎక్కడైనా దొరికే మామూలు లారీ! బతికిపోయాను! ఆ పదకొండు ముక్కలూ రుమాల్లో మూటకట్టి సంచిలో పెట్టుకున్నాను. సోమవారం బస్సులో దారి పొడుగునా ఒకటే మాట గొణుక్కున్నాను. ‘సారూ, తప్పు నాదే, కానీ ఇది తొలి అచ్చు కాదు, మీరే చూడండి.’ ఎంత చక్కటి మాట! అమ్మ ఇక గ్యాంగులో తల దించుకోనక్కర్లేదు.

సారు బల్ల మీద లారీ పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వంగి, చాలాసేపు చూశారు.

“ఈ స్టీరింగు ఏంటి?”

“మా నాయన పెట్టినాడు సారూ. నంబర్లు తెలీలేదు. మా వాళ్లు ముక్కలన్నీ ముందే తెంపేసినారు.”

“చట్రాలు?”

“పొయ్యిలో పెట్టినారు.”

సారు కుర్చీలో వెనక్కి వాలారు. “అయ్యో దేవరే! తొలి అచ్చమ్మా. ఇంకెక్కడా దొరకదమ్మా” అన్నారు. ఇదే సమయమని నేను సంచిలో చెయ్యి పెట్టాను. మూట దొరికింది. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

అప్పుడాయన వణికే వేలితో క్యాబిన్ తలుపును మెల్లగా లాగారు. అది తెరుచుకుంది. మూసి మళ్లీ లాగారు. మళ్లీ తెరుచుకుంది.

“తలుపులు తెరుచుకుంటాయని మూత మీద రాసుంది. ముప్పై ఏళ్లు చదివాను” అన్నారు. ఇంకోసారి మూశారు, తెరిచారు. “చూశావా ఎంత సాఫీగా వస్తుందో? తొలి అచ్చు కాబట్టి. తర్వాత వాటికి ఇట్లా రాదు.”

సంచిలో చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

“ఏంటమ్మా అది?” అన్నారు.

“టిఫిను సారూ” అన్నాను.

ఆయన తలుపు ఆడిస్తూనే, నా వైపు చూడకుండా, “చట్రం కాపాడలేనివాళ్లకు స్టోర్సు ఎట్లా ఇవ్వను? రేపటి నుంచి గ్యాంగుకు వెళ్లు” అన్నారు. సరేనన్నాను. హాల్లో లారీ పక్కన పెట్టడానికి ‘తొలి అచ్చు’ అని చిన్న చీటీ కావాలన్నారు. నా చేతిరాతతో నేనే రాసిచ్చి, కుర్చీ లోపలికి నెట్టి వచ్చేశాను.

సంగతి తెలిసి అమ్మ కొట్టినంత పని చేసింది. “నోట్లో ఏం పెట్టుకోని నిలబడినావే? ముక్కలు ముందర పడేస్తే పోయేది కదా!” అంది. ఆ ఎండాకాలమంతా ఆమె పక్కనే పలకలు తుడిచాను. ముక్కు మీద తోలు రెండుసార్లు ఊడింది. వానలు మొదలయ్యాక, నా తర్వాత వచ్చిన అబ్బాయి రాసిన చీటీలు వాడికే అర్థం కావడం లేదని నన్ను మళ్లీ పిలిచారు. సారు రిటైరై వెళ్లేటప్పుడు లారీని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని జీపెక్కారు. ఎక్కే ముందు డ్రైవరుకు దాని చరిత్ర మొదలుపెట్టారు, నేను ట్యాంకరు దాకా విని లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు ఆ స్టోర్సుకు నేనే పెద్ద. అడిగేవాడు నోరు తెరిచేలోగా సాక్ష్యాలన్నీ బల్ల మీద పరిచేయడం నేర్చుకున్నాను. ఎవరి మనసు ఏమవుతుందోనని ఆగను. ఆగితే ఈ కుర్చీలో ఉండలేం. అయినా ఎప్పుడైనా కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా, తన తప్పు కాదని చెప్పుకునే వీలుండీ తల వంచుకుని నిలబడితే, ‘ఇది బతకనేర్చిన పిల్ల కాదు’ అనుకుంటాను. అనుకుని, వెంటనే పంపించెయ్యలేక, కాసేపు ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చుంటాను.