తడిక తడిపినా చల్లబడని పడవ

మన్యంలో మా పటాలం ఠాణాకి నేను చేరింది వైశాఖంలో. చుట్టూ కొండలు. కింద గోదావరి, సన్నబడి, ఇసక తేలి ఉంది. తుపాకీ, సంచీ దించి మొహం కడుక్కున్నానో లేదో, డాక్టరు దొర పిలిపించాడు. పటాలంలో చేరకముందు నేను దొరల బంగళాల్లో వట్టివేళ్ళ తడికలు కట్టేవాణ్ణి. ఆ సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. యుద్ధం చేద్దామని మీసం దువ్వుకుంటూ వెళ్ళినవాణ్ణి తుపాకీ మూలన పెట్టి నీళ్ళ ముంత పట్టుకున్నాను. నవ్వుకోండి, నాకేం పర్వాలేదు.

నా డ్యూటీ ఆసుపత్రి పడవ మీద. పైన తాటాకు కప్పు, పక్కన చెక్క గోడలు, రెండు వైపులా కిటికీలు. జ్వరం పడ్డ సిపాయిల్ని అందులో రాజమండ్రి చేర్చాలి. గాలి కొట్టే వైపు కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి, వాటి మీద నీళ్ళు పోస్తూ ఉండాలి. వడగాలి ఆ తడిలోంచి దూరి చల్లబడి లోపలికి వస్తుంది. కప్పుకి గుడ్డ పంకా, దాన్ని లాగడానికి తాడు. ఇదీ మా సరంజామా.

మొదటి ప్రయాణంలోనే మా హవల్దారు గారిని ఎక్కించారు. నన్ను పటాలంలో చేర్పించిన మనిషి ఆయనే. కొవ్వూరు దగ్గర వాళ్ళ ఊరు. తిట్టకుండా ఒక్క మాట మాట్లాడని మనిషి నోరు మెదపకుండా పడుకుంటే నాకు భయం వేసింది.

"జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇక ఇతన్ని చంపితే ఎండే చంపాలి. పడవ చల్లగా ఉంచు" అన్నాడు దొర. నాకు ఆర్డరు అదొక్కటే.

తెల్లారి బయల్దేరాం. కొండలు దాటేదాకా నీడ ఉంది. పంకా కప్పీ కీచుమంటే ఆముదం వేశాను. తాడు ఒరుసుకుపోతే ముడి మార్చాను. అవన్నీ నాకు చిటికెలో పని. పోలవరం దాటాక కుడివైపు నుంచి వడగాలి మొదలైంది. తడికలు బాగా తడిపి లోపలికి వెళ్తే, అన్నం వార్చేటప్పటి ఆవిరి మొహాన కొట్టింది.

పడవ సరంగు పైనుంచి కేకేశాడు. "ఇంకో నాలుగు ముంతలు పొయ్యండి, చల్లబడుద్ది."

పోశాను. ఇంకా ఉడికింది. హవల్దారు గారి ఒళ్ళు పెనంలా కాలుతోంది. పిలిస్తే పలకలేదు.

తడిక తడిగానే ఉంది. బయట గాలి కొడుతూనే ఉంది. మరి లోపమెక్కడ? సరంగు నోట్లో ఉన్న చుట్ట అడిగి తీసుకుని లోపలికి వెళ్ళాను. తడిక పక్కన పట్టుకున్నా పొగ అటూ ఇటూ ఊగలేదు. తిన్నగా పైకి లేచి కప్పు కింద ముద్దకట్టింది. అప్పుడు అర్థమైంది. లోపలి గాలి బయటికి పోయే దారి లేదు. అది పోకపోతే కొత్తది ఎలా వస్తుంది? నేను పోసిన నీళ్ళన్నీ ఆవిరై మా వాళ్ళనే ఉడకబెడుతున్నాయి.

ఎడమవైపు చూస్తే కిటికీల నిండా గోనెపట్టాలు. సందుల్లో గుడ్డపేలికలు కూడా కుక్కి ఉన్నాయి. అది మా వంటాయన పని. పెద్దాయన, నేను బాబాయ్ అనేవాణ్ణి.

"ఏంటి బాబాయ్ ఇది?"

"జ్వరం మనిషికి గాలి తగలకూడదురా. తగిలితే సన్నిపాతం కమ్ముద్ది. మా అన్న అలాగే పోయాడు."

"ఇలా ఉంచితే ఉడికే పోతారు. తీసెయ్యి."

"నేను తియ్యను. నువ్వే తియ్యి. రేపు ఏదన్నా అయితే హవల్దారు గారి ఇంటావిడకి నువ్వే చెప్పుకో."

ఆయన మీద నాకు కోపం రాలేదు. ప్రేమతోనే కుక్కాడు. కానీ ఈ విషయంలో నేను తగ్గే రకం కాదు. గోనెలన్నీ పీకి పక్కన పడేశాను.

తడికలోంచి గాలి జివ్వున దూసుకొచ్చింది. చుట్ట పొగ అడ్డంగా సాగి ఎడమ కిటికీలోంచి బయటికి పోయింది. పడవంతా వట్టివేళ్ళ వాసన. ఇక నేను ముంత కింద పెట్టలేదు.

రాజమండ్రి రేవు కనపడుతుండగా హవల్దారు గారి పెదవులు కదిలాయి. "చలేస్తోంది" అన్నాడు.

వంటాయన మొహం తెల్లబోయింది. మన్యం జ్వరం తిరగబెట్టేది చలితోనే. ముందు చలి, తర్వాత వణుకు, ఆ తర్వాత మంట. ఆ మాట వింటే ఠాణాలో అందరికీ గుండెలు జారేవి.

"చెప్పానా?" అన్నాడు వంటాయన.

అంతవరకూ ఉన్న నా ధీమా ఎటు పోయిందో తెలీదు. మోకాళ్ళ మీద కూర్చుని హవల్దారు గారి నుదుటి మీద చెయ్యి వేశాను. మంట లేదు. పళ్ళు కొట్టుకోవడం లేదు, వేళ్ళు వణకడం లేదు. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"ఎంతసేపు పోస్తావురా ఆ నీళ్ళు, వెధవా. దుప్పటి కప్పు."

ఆ తిట్టు విని ఏడ్చేశాను. అది జ్వరం చలి కాదు. నా తడికల చలి.

వానలు పడ్డాక ఆ డ్యూటీ ముగిసింది, మన ఊరు వచ్చేశాను. ఆ తర్వాత ఎన్నో చూశాను గానీ నా కళ్ళముందు నుంచి పోనిది ఒక్కటే. ఆ రోజు రాజమండ్రి రేవులో ఇసక నిప్పులా ఉంది. మోసేవాళ్ళు అరికాళ్ళు కాలి గంతులు వేస్తున్నారు. వాళ్ళ భుజాల మీద డోలీలో మా హవల్దారు గారు, ఉన్ని దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, ఎవరైనా లాగేస్తారేమోనని దాని అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకుని వెళ్తున్నాడు.