మడ అడవిలో నా గైడు ఉద్యోగం

‘తెలియదు’ అనే మాట నోటి నుంచి రావడానికి నామోషీ పడే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై రెండో ఏట వచ్చింది, కాస్త గట్టిగానే వచ్చింది. ఆ రోజుల్లో నేను గవర్నర్‌పేటలో ఒక లాడ్జి కౌంటరు దగ్గర కూర్చునేవాణ్ని. ఫోనులో దారి చూసుకునే అలవాటు ఇంకా అందరికీ రాలేదు కాబట్టి, వచ్చినవాళ్లంతా నన్నే అడిగేవారు. నేను పుట్టిందీ పెరిగిందీ బెజవాడలోనే అయినా అటువైపు కంకిపాడు దాటి ఎరగను (అదీ మా మామూ పెళ్లికి వెళ్లాను కాబట్టి). సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూసిన పాపాన పోలేదు. అయినా కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు గురించి, అక్కడి మడ అడవుల గురించి, నిన్ననే తిరిగొచ్చినవాడిలా చెప్పేవాణ్ని. మా మేనేజరు మురిసిపోయి నాకు ‘గైడు’ అని పేరు పెట్టాడు.

ఒకసారి కర్నూలు వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, ఆయన భార్య వచ్చి దిగారు. ఆవిడ జన్మలో సముద్రం చూడలేదట. నా వర్ణన విని ఆవిడ, “నాయనా, రేపు నువ్వే మాతో రాకూడదా?” అన్నారు. నేను ఏదో ఒక సాకు చెప్పేలోపే వెనకనుంచి మేనేజరు, “వస్తాడమ్మా, సెలవిచ్చేశాను” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కారులో బయల్దేరాం. ముందు సీట్లో కూర్చుని, రోడ్డు పక్క బోర్డులు గబగబా చదువుకుంటూ, “ఇది ఉయ్యూరండి, ఇప్పుడు పామర్రు వస్తుందండి” అంటూ నెట్టుకొచ్చాను. నాగాయలంక రేవులో మోటారు పడవ మాట్లాడుకున్నాం. భోజనం క్యారేజీ తెచ్చుకుందామా అని ఆవిడ అడిగితే, “ఎందుకమ్మా బరువు, అరగంటలో వచ్చేస్తాం” అన్నాను. ఆవిడకు షుగరు. తిరిగి రాగానే తినొచ్చు కదా అని, నా మాట నమ్మి మాత్ర వేసేసుకున్నారు. క్యారేజీ కారులోనే ఉండిపోయింది.

పడవ మడ చెట్ల మధ్యకు వచ్చేసరికి ఒక చిన్న పాయ కనిపించింది. కొంగలు, పచ్చటి నీడ, చాలా అందంగా ఉంది. “అందులోకి పోనీయండి” అన్నాను. పడవాయన నా వంక అదోలా చూశాడు. “ఇప్పుడొద్దు సార్. ఆటు నడుస్తంది, నీళ్లు లాగేస్తన్నాయి.” ఆటు అంటే ఏమిటో నాకు తెలిస్తే గదా! “నాకు తెలుసులేవయ్యా, పోనీ” అన్నాను. (ఆ ‘లేవయ్యా’ ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఆయనకు మా అబ్బాజాన్ వయసుంటుంది.)

పావుగంటలో పడవ బురదలో కూర్చుంది. పడవాయన గడకర్ర పక్కన పెట్టి, బీడీ వెలిగించి, “పోటు వస్తే లేస్తదండి. మూడు గంటలు పట్టుద్ది” అన్నాడు, బస్సు లేటని చెప్పినట్టు. ఫోనులో సిగ్నలు లేదు. కాసేపటికి ఆవిడ చేతులు వణకడం మొదలైంది. నుదుటి మీద చల్లటి చెమట. “ఏమీ లేదు, కొంచెం కళ్లు తిరుగుతున్నాయంతే” అంటున్నారు గానీ, మాస్టారి ముఖం పాలిపోయింది.

ఎవరికీ చెప్పకుండా క్యారేజీ తెద్దామని పడవలోంచి దూకాను. రేవు ఎటువైపుందో నాకు తెలియదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. ఆ లోపే నడుము దాకా దిగబడ్డాను. కదిలితే ఇంకా దిగుతున్నాను. పడవాయన నోట్లో బీడీ తియ్యకుండానే, “కదలమాకండి!” అని కేకేసి గడకర్ర అందించాడు. మాస్టారు, ఆయన కలిసి నన్ను లాగుతుంటే నాకొచ్చిన దువాలన్నీ చదివేశాను. ఎడమకాలి చెప్పు అక్కడే ఉండిపోయింది.

ఆ కేకలకు చెట్ల మధ్య నుంచి ఒకామె వచ్చింది. నడుముకు బుట్ట కట్టుకుని పీతలు పట్టుకుంటోంది. నన్ను మింగిన అదే బురద మీద చెట్ల వేళ్లు తొక్కుకుంటూ వాకిట్లో నడిచినట్టు నడిచొచ్చింది. సంగతి వినగానే తన గుడ్డ మూట విప్పి రెండు అరటిపళ్లు, చల్దన్నం డబ్బా తీసింది. “ముందు పండు తిను అక్కా, తర్వాత అన్నం. భయం లేదులే” అని ఆవిడ వీపు నిమిరింది. పది నిమిషాల తర్వాత ఆవిడ తల ఎత్తి, “ఉప్పు కొంచెం ఎక్కువైంది గానీ బాగుంది తల్లీ” అన్నారు. ఆ మాటకి మాస్టారు పెద్దగా నవ్వేశారు. నేను మాత్రం ముఖం అటు తిప్పుకుని ఏడ్చాను. బురద ముఖం కాబట్టి ఎవరికీ తెలియలేదనుకుంటాను.

అప్పుడు చెప్పేశాను. “నేనిక్కడికి ఎప్పుడూ రాలేదు మాస్టారూ. సముద్రమే చూడలేదు.”

“పామర్రు దాటకముందే తెలిసింది నాయనా, ఈవిడ మాత్ర వేసుకున్న సంగతే తెలియలేదు” అన్నారాయన. “ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. చూసి చదివేవాడెవడో, పాఠం వచ్చి చెప్పేవాడెవడో తెలియదా?”

“మరి తిట్టలేదేమండి?”

“తిడదామనే అనుకున్నా. ఇంతలో బురదలోకి దూకితివి.”

పోటు వచ్చింది. పడవ అడుగున నీళ్లు గలగలమన్నాయి, కాస్త కదిలింది, లేచింది. మేం ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం. పడవాయన నన్నే అడిగాడు, “ఎటు పోనీమంటారు సార్?” “నాకేం తెలియదండీ. మీ ఇష్టం” అన్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

వెనక్కి పోదామని మాస్టారు అన్నారు గానీ ఆవిడ ఒప్పుకోలేదు. చెట్లు దాటగానే ఒక్కసారిగా అటు చివర, ఇటు చివర ఏమీ లేకుండా నీళ్లు. ఆవిడ నోరు తెరిచి చూస్తూ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి ఇప్పుడు వెచ్చగా ఉంది. నా నోరూ తెరుచుకునే ఉంది.

తర్వాత ఉద్యోగాల పేరుతో, పిల్లల సెలవుల పేరుతో చాలా సముద్రాలు చూశాను. ముందే ఫోటోలు చూసి, ఎక్కడ నిలబడాలో కూడా తెలుసుకుని వెళ్తాను. అన్నీ బాగానే ఉంటాయి. నోరు తెరిచి చూడటం మాత్రం మళ్లీ కుదరలేదు.