ఊ కొట్టిన పాపానికి

మా ఆయనకి తిరువూరులో ఎరువుల కొట్టు. పొద్దస్తమానం అక్కడ మాట్లాడుతూనే ఉంటారు. ఇంటికొచ్చాక మాత్రం రెండే మాటలు, "చూద్దాం", "ఊ".

"చూద్దాం" అంటే నిజంగానే చూస్తారనుకుని పెళ్లయిన కొత్తలో ఎదురుచూసేదాన్ని. ఎ.కొండూరులో ఉండే మా అక్క, తన కూతురు వాడి వదిలేసిన స్కూటీ నాకిస్తానన్నప్పుడు కూడా అదే మాట. నాకేమో ఆ బండి మీద పిచ్చి ఆశ. అక్కని చూడాలనిపించినప్పుడల్లా ఈయన తీరిక కోసం పడిగాపులు కాయాలంటే ఒళ్లు మండేది. బస్సులు లేవా అంటే ఉన్నాయి, నాకు బుద్ధి పుట్టినప్పుడు తప్ప.

"ఊ" సంగతి వేరు. మేం ఆడవాళ్లం ఊ కొడితే తర్వాతేమైందో చెప్పమని. ఆయన ఊ కొడితే ఇంక ఆపమని. నేను మాత్రం ఎందుకాపాలి?

ఒక సాయంత్రం ఆయన టీవీలో క్రికెట్ చూస్తున్నారు. పక్కన మా అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. కూర అడుగంటిందన్నాను. ఊ అన్నారు. పిల్లి మళ్లీ వంటింట్లో దూరితే పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టానన్నాను. ఊ అన్నారు. అత్తగారి చేతులు ఆగిపోయాయి. అదే ఊపులో, రేపు అక్క దగ్గర్నుంచి స్కూటీ తెచ్చుకుంటున్నానన్నాను.

"ఊ."

మర్నాడు ఆయన కొట్టు కట్టేసి వచ్చేసరికి అక్క కూతురు నడుపుకుంటూ తెచ్చిచ్చిన బండి వాకిట్లో ఉంది. ఎవరిదని అడిగారు. మీరు ఊ అన్నారుగా అన్నాను. ఆయన వాళ్లమ్మ వైపు చూశారు.

"అన్నావురా. నేను విన్నాను," అన్నారు అత్తగారు. కోడలి తరఫున ఆవిడ సాక్ష్యం చెప్పడం అదే మొదలు.

పడుతూ లేస్తూ బండి నేర్చుకున్నాను. ఆయన్ని ఎలా బోల్తా కొట్టించానో వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. 

మొన్న అక్కని వెనకాల ఎక్కించుకుని నెమలి అనే ఊళ్లో గుడికి వెళ్లొచ్చాను. ప్రసాదం ఆయన చేతిలో పెడుతూ, ఉండబట్టలేక, ఆ రోజు నేనన్నది మీకు నిజంగా వినపడలేదు కదా అని అడిగాను.

ఆయన ప్రసాదం నోట్లో వేసుకుని నింపాదిగా నమిలారు.

"వినపడకేం? ఫ్రిజ్‌లో పిల్లిని పెట్టానన్నావుగా. నువ్వు అటు వెళ్లగానే తీసి చూశాను."

ఇన్నేళ్ల కాపురంలో నాకు మాట దొరకకపోవడం అదే మొదటిసారి. ఊ అన్నాను.