చలిగదిలో గడ్డకట్టిన మందు

మండుటెండల్లో స్వెటరు చంకన పెట్టుకుని పనికి వెళ్లే మనిషి మా వీధిలో ఒక్కడే. ఆయన మా మేనమామ. పెళ్లీ పెటాకులూ లేకుండా మా ఇంట్లోనే ఉండేవాడు. ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో చలిగదులు చూసుకునేవాడు కాబట్టి వీధంతా ఆయన్ని చలి మావయ్య అనేది. డబ్బాని మెటికతో కొట్టి, వచ్చే చప్పుడును బట్టి లోపల సరుకు ఎంత గట్టిపడిందో చెప్పేవాడు. ఇంట్లో అన్నం కాస్త వేడిగా ఉంటే చాలు, "నా నోరేమన్నా పొయ్యి అనుకున్నావా?" అని మా అమ్మ మీద ఎగిరేవాడు. ఉద్యోగంలో ఆయనకున్న భయం ఒక్కటే, కరెంటు పోయి సరుకు కరిగిపోవడం. చల్లదనం ఎక్కువైతే నష్టమన్న మాట ఆ గదుల్లో ఎవరూ ఎన్నడూ అని ఉండరు.

ఆ ఏడు పిల్లలకు గొంతు జబ్బు పట్టుకుంది. గొంతులో పొర కట్టేసి ఊపిరి ఆడేది కాదు. మా వీధి చివరింట్లో ఒక పిల్లాడు చనిపోయాడు కూడా. ఇంట్లో నాకూ చంటి పాప ఉంది. ప్రభుత్వాసుపత్రికి లారీ నిండా టీకాలు వచ్చాయి గానీ, వాటిని పెట్టడానికి ఫ్రిజ్‌లు చాలలేదు. అప్పుడు మావయ్య వాళ్ల యజమాని ముందుకొచ్చి, ఒక చలిగది ఖాళీ చేయించి ఇచ్చాడు. ఊరికే ఇచ్చాడనుకునేరు! తెల్లారేసరికి ఫ్యాక్టరీ గోడ పొడవునా ఆయన ఫొటోతో బ్యానరు వేలాడింది. అయినా మంచి పనే, కాదనను. మావయ్య జేబుకి కూడా ఒక బ్యాడ్జీ తగిలించారు. ఆయన దాన్ని పెట్టుకునే భోజనానికి కూర్చునేవాడు.

ఆసుపత్రి నర్సు వచ్చి గది చూసి మరీ చెప్పింది.

"ఇది ఐస్‌క్రీం కాదండీ. చల్లగా ఉండాలి గానీ గడ్డ కట్టకూడదు. ఒకసారి గడ్డ కడితే, మళ్లీ కరిగినా ఈ మందు పనిచెయ్యదు."

"అట్లాగేనమ్మా. ఎన్నేళ్ల నుంచి చేస్తున్నానీ పని!" అన్నాడు మావయ్య.

టీకాల క్యాంపు రేపనగా, సాయంత్రం కరెంటు వస్తూ పోతూ ఉంది. మావయ్యకు పాత భయం పట్టుకుంది. ఇంటికి బయల్దేరుతూ, ఐస్‌క్రీం గదికి చేసినట్టే ఈ గదికీ చల్లదనం పెంచే మీట చివరిదాకా తిప్పేశాడు. పొద్దున తలుపు తీస్తే పెట్టెల మీద మంచు. సీసా వంచి చూస్తే లోపల మందు కదల్లేదు. వెంటనే చెప్పేస్తే సరిపోయేది. చెబితే బ్యాడ్జీ ఏమవుతుంది, యజమాని ఏమంటాడు, వీధిలో తలెలా ఎత్తుకోవాలి? పెట్టెల్ని గుమ్మంలో ఎండకు పెట్టి, మంచు తుడిచి, మందు కరిగాక వ్యాను ఎక్కించాడు. ఇదంతా తర్వాత ఆయన నోటి నుంచే విన్నాం.

క్యాంపు మా వీధి బడిలో పెట్టారు. యజమాని మైకు పట్టుకుని వదల్లేదు. మా పక్కింటి కుట్టుమిషనావిడ మావయ్యను సొంత అన్నలా చూసేది. "అన్నయ్య కాపలా కాసిన మందు, భయమెందుకు?" అంటూ అందరికన్నా ముందు తన కూతుర్ని కూర్చోబెట్టింది. పిల్ల కెవ్వుమంది. ఆ తర్వాత ఇంకొందరు పిల్లలు కూర్చున్నారు, లేచారు. మావయ్య పెట్టె పక్కనే నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మా వంతు వచ్చింది. పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నర్సు సూదిలోకి మందు లాగింది. ఉన్నట్టుండి మావయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా! ఆ మందు రాత్రి గడ్డకట్టింది. నేనే మీట తిప్పాను."

నర్సు ఇంకో సీసా తీసి, బాగా ఊపి, బల్ల మీద పెట్టింది. చూస్తుండగానే పైన తేటపడి, తెల్లటి పలుకులు అడుగుకు దిగాయి. గడ్డకట్టి పాడైన మందుకు అదే గుర్తట. యజమాని మైకు కట్టేశాడు. "పెద్దాయన, మతి చలించింది," అన్నాడు పక్కవాళ్లతో.

కుట్టుమిషనావిడ కూతుర్ని చంకనేసుకుని మావయ్య ఎదుటికి వచ్చింది.

"నా పిల్ల కూడా ఈ కుర్చీలోనే కూర్చుంది కదన్నయ్యా. అప్పుడు నోరు పెగల్లేదేం?"

నా పాపకు ఆ సూది పడలేదని అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

కొత్త మందు వచ్చేలోపు, సూది పడిన పిల్లల ఇళ్లన్నీ మావయ్యే తిరిగాడు. "మొన్న వేసింది పనిచెయ్యదమ్మా, నా వల్లే. మళ్లీ వేయించండి," అని గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. కొందరు తలుపు మొహాన వేశారు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. కుట్టుమిషనావిడ మాత్రం మిషను ఆపకుండానే విన్నది.

రెండో క్యాంపుకు ఆమె వచ్చింది. వచ్చి నర్సుతో అంది, "ముందు వాళ్లింటి పిల్లకు వెయ్యండి. నేను చూడాలి."

మావయ్య మా పాపను నా చేతుల్లోంచి తీసుకుని, తనే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సూది దిగినంతసేపూ ఆవిడ మావయ్య మొహాన్నే చూస్తూ నిలబడింది. మా పాప ఏడ్చాకే తన కూతుర్ని ముందుకు తెచ్చింది.