క్వారీ వాలు మీద మా తమ్ముడు

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. గాజువాక అవతల క్వారీ నుంచి కంకర తోలే లారీల మీద మా తమ్ముడు అప్పలరాజు డ్రైవరు. వాడికి పని నేర్పిన దాలయ్య లారీ కొండవాలులో బోల్తాపడి చనిపోయాడని కబురొచ్చింది. ఆ రోజు నుంచి మా అమ్మ ముద్ద ముట్టలేదు. "నువ్వెల్లి ఆడ్ని లాక్కొచ్చీయే. నీ మాటే ఇంటాడు" అంది. బళ్ళో సెలవు పెట్టి బయల్దేరాను. వాణ్ణి వెంటబెట్టుకునే రావాలనుకున్నాను.

మా ఊరి స్టేషను తిలారులో ఆరుగంటల పాసింజరు ఏడున్నరకి దయచేసింది. ఎదుటి సీట్లో విశాఖ పూర్ణా మార్కెట్టుకి ఎండుచేపలు తీసుకెళ్తున్నావిడ గంపతో కూర్చుంది. "ఏటమ్మా, ఒక్కద్దానివే ఎల్తన్నావేటి?" అనడిగింది. లారీ నడిపే తమ్ముడి కోసమన్నాను.

"మా ఆడపడుచు మొగుడూ లారీయే. ఆడింటికొచ్చేదాకా దానికి నిద్దర నేదు. వొచ్చినాక ఆడు నిద్దరోతాడు, మాటా నేదు" అంది. నవ్వాను గానీ మనసు బాగోలేదు.

విశాఖలో దిగేసరికి పన్నెండు దాటింది. స్టేషను ఎదుటి హోటల్లో భోజనం చేశాను. సాంబారు నీళ్ళే, అప్పడం మాత్రం బాగుంది. గాజువాక సిటీబస్సులో నిలబడే వెళ్ళాను. లారీలు రెండు పక్కల నుంచీ మమ్మల్ని దాటుకుపోతుంటే కండక్టరు టిక్కెట్లు కొడుతూ తల కూడా ఎత్తలేదు.

తమ్ముడు షెడ్డులో దొరికాడు. దాలయ్య పోయిన లారీకే సొట్టలు తీసి, కొత్త రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టి నిలబెట్టారు. అక్కని మా వైపు అప్ప అంటాం. "అప్పా, దాలయ్య బండి ఓనరు నాకే ఇచ్చీసినాడు!" అన్నాడు, ముఖం వెలిగిపోతూ.

నాకు ఒళ్ళు మండింది. "మనిసి సచ్చిన సీటు నీకు ముద్దొచ్చిందేట్రా? పద ఇంటికి" అన్నాను.

"రేపు నా పక్కన కూకుని సూడప్పా. సూసినాక తిట్టు" అన్నాడు.

ఆ రాత్రి వాడి పక్కింటివాళ్ళ దగ్గర పడుకున్నాను. మంచివాళ్ళు, కొత్త చాప పరిచారు.

పొద్దున్నే క్వారీకి వెళ్ళాం. లోడు ఎత్తుకుని వాలు మొదట్లోకి రాగానే వాడు గేరు న్యూట్రల్ చేసి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది. వెనక కంకర కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. లారీ మాత్రం వేగం పుంజుకుంటోంది. రెండు చేతులతో తలుపు పట్టుకున్నాను.

"ఇంజనెందుకాపీసావురా!"

"డీజిలు మిగల్దేటి? ఓనరు కొలిసి పోయిత్తాడు. మిగిలింది మాది. అందరం ఇలాగే దిగుతాం."

"దాలయ్యో?"

"ఆడూ ఇలాగే." రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "ఇంజనాపితే బ్రేకు రెండు తొక్కులే పడతాది, మూడోది పట్టదు. దాలయ్యకి గేదిలు అడ్డొచ్చి రెండూ పైనే అయిపోనాయి. నానలా కాదు. ఒకటి ఎప్పుడూ దాసుకుంటాను."

మలుపులో ఒక్కసారి తొక్కాడు. కిందికి చేరాక తాళం తిప్పి గేరు వేస్తే ఇంజను కుదుపుతో అందుకుంది. "సూసినావా?" అన్నాడు. బడిలో మొదటి మార్కు వచ్చినప్పుడూ ఇలాగే అడిగేవాడు.

తిట్టాను. గడ్డం పట్టుకుని బతిమాలాను. అమ్మ తినడం లేదని చెప్పాను. "నానొగ్గీతే సాయంత్రానికి ఇంకొకడెక్కుతాడప్పా. ఇంటికొచ్చి నానేటి సెయ్యాల?" అన్నాడు. బస్సెక్కించి, అరటిపళ్ళు చేతిలో పెట్టి, రెండో ట్రిప్పుకి ఆలస్యమవుతోందని పరుగెత్తాడు.

మధ్యాహ్నం పాసింజరులో ఒంటరిగా తిరిగొచ్చాను. విశాఖ వెళితే సముద్రం చూడమని అందరూ చెబుతారు. నేను చూడలేదు. మీరెవరైనా గాజువాక వైపు వెళితే, వాలు మీద లారీ చప్పుడు లేకుండా దిగుతుంటే రోడ్డు వదిలి దూరంగా నిలబడండి.

చీపురుపల్లి దాటాక ఏడుపు ఆగలేదు. అమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. వాడు బాగా నడుపుతున్నాడమ్మా అందామనుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ దాలయ్య తనకంటే బాగా నడిపేవాడని బస్సెక్కిస్తూ వాడే చెప్పాడు.